ఇంట్లో కాలు పెట్టే దాకా

ఎనిమిది రోజులు మా ఆయన తాగలేదు. ఇద్దరం బండి మీద కన్యాకుమారి దాకా పోయి వస్తున్నాం. తొమ్మిదో రోజు పొద్దున కడలూరులో ఇడ్లీలు తిన్నాక, ఆకలి లేకపోయినా నేను ఇంకో ప్లేటు చెప్పాను. అక్కడి నుంచి పుదుచ్చేరిలో మా ఇంటికి గంట దారి కూడా లేదు.

సంగతేమిటంటే, బయలుదేరే ముందు ఆయన చేత నేనే సత్యం చేయించాను. మా వైపు సత్యమంటే కర్పూరం వెలిగించి, ఆ మంటను అరచేత్తో కొట్టి ఆర్పాలి. సునామీ వచ్చిపోయిన రెండేళ్లకు జరిగిన మాట ఇది. అంతకు ముందు నెలే ఆయన తాగి బండి మీద నుంచి పడి మోచెయ్యి చీల్చుకున్నాడు. దారిలో ఏ లారీ కిందో పోతామని నా భయం. వీధి చివర అమ్మవారి గుడి ముందు కర్పూరం వెలిగించి, "ఎందాకా చెప్పమంటావు?" అని అడిగాడు.

"ఇద్దరం మళ్లా మనింట్లో కాలు పెట్టే దాకా" అన్నాను.

జన్మలో తాగనని చెప్పమంటే ప్రయాణమే మానుకుంటాడేమోనని జంకాను. ఎడమ చెయ్యి నా తల మీద పెట్టి, కుడి చేత్తో మంట ఆర్పాడు. అడిగేదేదో కాస్త పెద్దగా అడగొచ్చు కదా! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి రెండు రోజులూ చేతులు వణికాయి. లాడ్జీలో నిద్ర పట్టక గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మూడో రోజు కడుపు నిండా అన్నం తిన్నాడు. మదురైలో అడగకుండానే మల్లెపూలు కొన్నాడు. కన్యాకుమారిలో సముద్రం ముందు కూర్చుని, చిన్నప్పుడు వాళ్ల నాయన తనను భుజం మీద ఎక్కించుకుని తిరిగిన సంగతులు చెప్పాడు. పన్నెండేళ్ల కాపురంలో నేను ఎన్నడూ వినని మాటలవి. ఈ మనిషి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాడా అనిపించింది. మనసారా సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు.

కడలూరు వదిలి తమిళనాడు ఎల్ల దాటగానే మా పుదుచ్చేరి బ్రాందీ కడలు, అదే మందు షాపులు, వరసగా మొదలవుతాయి. వెనక కూర్చుని ఆయన మెడకేసే చూశాను. తల ఇటు తిప్పలేదు, అటు తిప్పలేదు. బండి ఇంకాస్త వేగంగా పోనిచ్చాడు. ఒక్క క్షణం నా గుండె పొంగింది. మరుక్షణమే అర్థమైంది. ఆయన సత్యం తీరే వేళ ఇంకా కాలేదు, అంతే.

"బాహూరులో పెద్దమ్మను చూసి పోదాం" అన్నాను. సరేనన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని చూసి నోరు వెళ్లబెట్టింది. "ఏందిమే, మనిషి ఇంత తేటగా ఉండాడు! యాడికి పొయ్యొచ్చినారు?" అంది. అన్నం తిన్నాక తలనొప్పని చెప్పి చాప మీద పడుకున్నాను. ఎంతసేపు పడుకున్నా ఆయన తొందర పెట్టలేదు. వాకిట్లో బండి తుడుచుకుంటూ కూర్చున్నాడు. లేచి వచ్చేటప్పుడు పెద్దమ్మనడిగి దేవుడి గూట్లోంచి రెండు కర్పూరం బిళ్లలూ అగ్గిపెట్టే తెచ్చుకున్నాను. చెరువు కట్ట మీద బండి ఆపమన్నాను.

"మామా, ఇంకొక్క సత్తియం చెయ్యి." ఆయన మా అమ్మకు వరసకు తమ్ముడు. చిన్నప్పటి పిలుపు పెళ్లయ్యాక కూడా మార్చుకోలేదు నేను.

"ఎందాకా?"

"ఒక సంవత్సరం."

తల అడ్డంగా తిప్పాడు. ఆరు నెలలన్నాను. ఒక నెలన్నాను. చేపల బేరం చేసినట్టు వారానికి దిగాను. సిగ్గు కూడా వెయ్యలేదు.

"వద్దు మే" అన్నాడు. "నిలబెట్టుకోలేను. నీ తల మీద చెయ్యి పెట్టి తప్పితే నీకేమన్నా అయితాది. నువ్వు పోతే నేనేం చేసేది?"

"తాగకుంటే సరిపాయె గదా?"

"అదే గదా నా వల్ల కాదంటాండేది."

కోపం లేదు ఆ గొంతులో, బుకాయింపూ లేదు. ఎదురు తిరిగి ఉంటే నేనూ నాలుగు దులిపేదాన్ని. కర్పూరం బిళ్లలు చెరువులోకి విసిరేసి బండెక్కాను.

తేంగాయితిట్టు పడవల రేవు దగ్గర చేపలు కొనాలని మళ్లీ ఆపించాను. వేలం ఎప్పుడో అయిపోయింది, బుట్టలు కడుగుతున్నారు. మిగిలిన చిన్న చేపలు ఒకామె ఇచ్చింది. ఆ తర్వాత సాకులు అయిపోయాయి. నాలుగు గంటలకల్లా కురుచికుప్పం పక్కన మా సందులో ఉన్నాం.

తాళంచెవి నా కొంగున ఉంది. తలుపు తియ్యకుండా గడప ముందు మెట్టు మీద కూర్చున్నాను. "ఇద్దరం" అని కదా చెప్పించాను. నేను లోపల అడుగు పెట్టకపోతే సత్యం ఇంకా తీరనట్టే. ఆయనకూ ఆ సంగతి తెలిసింది. సంచులు కింద పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఎదురింటి అక్క చూసింది. "ఏందిమే, బీగంచెవి పోగొట్టుకున్నారా?" అని అడిగింది.

"గాలికి కూర్చున్నాం అక్కా" అన్నాను.

ఎండ మెట్ల మీద నుంచి గోడ ఎక్కింది. సంచిలో చేపలు వాసన వేస్తున్నాయి. ఆయన మోకాళ్ల మీద చేతులు అదిమి పట్టుకున్నాడు. ఇంటికి వచ్చేశాం కదా అని వాదించొచ్చు. లేచి పోవచ్చు, పట్టుకుని ఆపేదెవరు? తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "నీకు ఇంకా కూర్చోవాలనుంటే కూర్చోమే. నాకేం పర్వాలే" అన్నాడు. ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది. ఒళ్లోకి లాక్కోవాలనీ అనిపించింది. ఇంకో గంట కూర్చుంటే ఏమవుతుంది? రేపు పొద్దున ఆయన డ్యూటీకి పోవాలి. ఎన్నాళ్లని మెట్ల మీద కాపురం చేస్తాం?

లేచి తాళం నేనే తీశాను. ముందు నేనే లోపలికి పోయాను.

ఆయన సంచులు లోపల పెట్టాడు. చేపలు గిన్నెలో పోసి నీళ్లు పోశాడు. మొహం కడుక్కుని తల దువ్వుకున్నాడు. వాకిట్లోంచి, "చేపలు నువ్వు కడగబాకు, నేనొచ్చి కడుగుతా" అని చెప్పి పోయాడు. నేనే కడుక్కున్నాను.

మాట తప్పని మనిషని మెచ్చి మా అమ్మ నన్ను ఆయనకిచ్చి చేసింది. ఆమె పొరబడలేదు. అబద్ధాలాడే మొగుడైతే పండగకొక సత్యం చేయించుకుని, ఈసారన్నా నిలబడతాడని ఆశపడుతూ బతికేదాన్ని. ఈయన నాకు ఆ కాస్త ఆశకూ చోటివ్వలేదు.