నేను మింగేసిన సగం పాఠం

ఇది మోయడం మొదలుపెట్టినప్పుడు నా కూతురు కడుపులో ఉంది. ఇప్పుడది బడికి వెళుతోంది. దానితో పాటు ఇదీ పెరిగింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు, అందుకేనేమో.

సౌదీలో, జెద్దాలో కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలూ, ఇల్లు విడిచి వచ్చిన కొందరు పనివాళ్ళూ కలిసి శుక్రవారాలు ఎవరో ఒకరి ఫ్లాట్‌లో, గొంతు తగ్గించి, ప్రార్థన చేసుకునేవాళ్ళం. వెంట ఉన్న కుటుంబసభ్యులకు తలకింతని ప్రభుత్వం లెవీ పన్ను వేశాక, మమ్మల్ని నడిపించే పెద్దాయన భార్యాపిల్లలతో ఇండియా వెళ్ళిపోయారు. ఇక ఎవరు? అందరి చూపూ మల్లయ్యన్న మీద ఉంది. నిజామాబాద్ వైపు తాపీమేస్త్రీ. పెద్దయ్యాకే విశ్వాసంలోకి వచ్చాడు. ఆయన ప్రార్థిస్తే నాకూ కన్నీళ్ళు వచ్చేవి. కానీ మా తాత పాస్టరు, నాన్న పాస్టరు. ఆ చోటు మా ఆయనకు రావాలని నా కోరిక. కోరికా? కాదు, హక్కనుకున్నాను.

ఆ వారం బైబిలు వాక్యం చెప్పే వంతు నాది. పూర్వకాలపు యూదుల యాజక కుటుంబాల గురించి చెప్పాను. మొదటి ప్రధాన యాజకుడు అహరోను వంశంలో పుట్టినవాడే బలిపీఠం దగ్గరికి వెళ్ళాలి. యూదులు పరాయి దేశపు చెర నుంచి తిరిగొచ్చాక, వంశం చూపించలేనివాళ్ళను యాజకత్వంలోంచి తీసేశారు. ఆ మాట ఎవరివైపు చూసి అన్నానో నాకు తెలుసు.

మల్లయ్యన్న నవ్వాడు. "మా నాయిన గూడ పూజారే చెల్లె, పోశమ్మకు. గది లెక్కల్కి రాదా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "రాదన్నా."

"మరి వంశం లేనోడు ఒక్కడన్న యాజకుడు కాలేదా? సదువుకున్నదానివి, నీకెర్కే గద."

"లేదన్నా. ఒక్కడూ లేడు."

ఉన్నాడు. తల్లీ తండ్రీ వంశం ఏదీ చెప్పకుండానే యాజకుడైన ఒకాయన బైబిల్లోనే, అహరోను కంటే ముందే ఉన్నాడు. అహరోనుకే పూర్వీకుడైన ఆ జాతి మూలపురుషుడు ఆయన చేత దీవెన పొందాడు. నాన్న నాకు చిన్నప్పుడే చెప్పిన కథ. నోటిదాకా వచ్చింది. మింగేశాను. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను, కానీ నిజంగా మరిచిపోయినదాన్నే అయితే బైబిల్లో ఆ భాగం తెరవాలంటే ఇన్నేళ్ళూ ఎందుకు భయపడ్డాను?

ఆ తర్వాతి శుక్రవారం మల్లయ్యన్న రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మా ఆయన నడిపించసాగారు. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోలేదని నితాఖత్ చట్టం కింద మల్లయ్యన్న కంపెనీ ఎర్ర జాబితాలో పడిందనీ, అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కాక, పని లేక, పనివాళ్ళ క్యాంపులో ఒక్కడే ఉండి చివరికి ఎగ్జిట్ వీసా మీద దేశం విడిచి వెళ్ళిపోయాడనీ ఆలస్యంగా తెలిసింది. ఆ రోజుల్లో ఎవరితో కలిసి ప్రార్థించాడు? అసలు ప్రార్థించాడా?

మొన్న ప్రార్థనకొచ్చిన ఒక పాపతో నా కూతురు అంటోంది: "నువ్వు ముందు నిలబడకూడదు. మీ తాత పాస్టరు కాదుగా!" అది నేను నేర్పిన మాట కాదు. కాదా?

మల్లయ్యన్న ఎక్కడున్నాడో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. తెలియదని కూడా అనలేదు నేను, లేడన్నాను. దేవుని మాట చెబుతున్నదాన్ని, తెలిసి అబద్ధమాడాను.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.