హంసలదీవి దాకా చుక్క నీరు లేకుండా

నా మూత్రాశయంలోని క్యాన్సర్ గడ్డ తీసేశాక, వారానికోసారి సన్నటి గొట్టంతో లోపలికి మందు పంపారు. పసిపిల్లల భుజానికి వేసే బీసీజీ టీకా మందే అది. రెండు గంటలు బిగబట్టి వదలాలి. మందులోని బతికున్న క్రిములు చావడానికి ఆ పూట మరుగుదొడ్డిలో బ్లీచింగ్ పౌడరు చల్లాలి. ఆరు వారాలయ్యాయి. గడ్డ మళ్లీ కనబడలేదు గానీ మంట, మాటిమాటికీ పరుగు మిగిలాయి. సోమవారం నుంచి మరో మూడు వారాలన్నారు. మానేద్దామనిపించింది. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమం చూసి, దారిలో పరువు పోకుండా తిరిగొస్తే మందు వేయించుకోవాలి, లేకపోతే మానెయ్యాలి అని నాతో నేనే పందెం వేసుకున్నాను.

పౌర్ణమి పొద్దున ఆరున్నరకి గుడివాడలో ప్యాసింజరు ఎక్కాను. రైల్లో మరుగుదొడ్డి ఉంది కనుక బందరు దాకా బెంగ లేదు. అక్కడి నుంచి అవనిగడ్డకు బస్సులో గంటకు పైనే. నా ఓపిక ముప్పావుగంట. లెక్కలు నేను రైసుమిల్లు కాటా దగ్గర సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. లోపలికి పోయేది తగ్గితే బయటికొచ్చేదీ తగ్గాలి కదా! అందుకని లేచిన దగ్గర్నుంచి చుక్క నీరు ముట్టలేదు.

బస్సులో పక్క సీట్లో బందరులో ఇడ్లీ కొట్టు నడిపే రత్నమ్మగారు, ఆమె భర్త కోటేశ్వరరావుగారు కూర్చున్నారు. ఆమె మజ్జిగ సీసా అందిస్తే వద్దన్నాను.

"ఉపవాసమా అన్నయ్యగారూ?"

తల ఊపేశాను.

"చూసి నేర్చుకోండి," అంది భర్తతో. మళ్లీ నా వైపు తిరిగి, "ఈయనా ఉపవాసమే. బస్టాండులో మూడు గారెలు లాగించారు."

"గారె టిఫినే, భోజనం కాదుగా!" అన్నారాయన.

చల్లపల్లి దాటేసరికి మంట సూదుల్లా గుచ్చసాగింది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుందని, బాగా తాగమని డాక్టరు ముందే చెప్పారు. ఆయన మాట కంటే నా లెక్కనే నమ్మాను. మోపిదేవి దాటాక ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగిపోయాను.

"నీరసమా అన్నయ్యగారూ?"

"ఉపవాసం కాదమ్మా. మూత్రాశయంలో క్యాన్సర్. మందు వల్ల ఆగట్లేదు."

ఆమె లేచి నిలబడింది. "డ్రైవరు బాబూ, బస్సాపు! అన్నయ్యగారు దిగాలి."

"వంతెన దాటనివ్వండమ్మా."

"వంతెనెక్కడికీ పోదులే. ముందు ఆపు!"

బస్సు ఆగింది. కాలవగట్టు మీద తుమ్మచెట్ల చాటుకు పరుగెత్తాను. తిరిగి వస్తూ బస్సు వైపు చూడాలంటే సిగ్గేసింది. చూశాను. గట్టు వైపు కిటికీల్లో ఒక్క ముఖం కూడా లేదు. బస్సు బస్సంతా అటు తిరిగి అవతలి వైపు చూస్తోంది. అక్కడ మినప చేను తప్ప ఏమీ లేదు.

కోటేశ్వరరావుగారు నీళ్ల సీసా అందించారు. "తాగండి బావగారూ. నాది ప్రోస్టేటు. ఈ దారిలో తుమ్మచెట్లన్నీ నాకు చుట్టాలే."

సీసా ఖాళీ చేశాను.

అవనిగడ్డ నుంచి ముగ్గురం ఒకే ఆటోలో కోడూరు మీదుగా వెళ్లాం. రెండుసార్లు ఆపించాను, ఎవరూ ఎందుకని అడగలేదు. నాలాంటివాళ్లు వెళ్తే బస్సులో తలుపు దగ్గర సీటు అడగండి, నీళ్లు మాత్రం మానకండి.

మధ్యాహ్నానికి సంగమం చేరాం. సరుగుడు తోట దాటాం. ఇటు కృష్ణ, అటు సముద్రం. నది ఎక్కడ అయిపోయిందో కళ్లతో గుర్తు పెట్టుకోబోయాను. రంగు మారే గీత ఒకటి కనిపించింది, చూస్తుండగానే పక్కకు జరిగిపోయింది. మళ్లీ గుర్తు పెట్టాను, మళ్లీ జరిగింది. ఎక్కడో పడమటి కొండల్లో పుట్టి, ఆనకట్ట ఆనకట్టకీ ఆగి, మా చేలు తడిపి, మా అందరి ఒంట్లో దూరి వచ్చిన నీరు అది. నా కాటాకి అందేది కాదు. చేతులు జోడించి అలాగే నిలబడిపోయాను. రత్నమ్మగారు దోసిలితో నీళ్లు తెచ్చి నా నెత్తిన చల్లింది.

సాయంత్రం అవనిగడ్డలో బందరు బస్సెక్కి తలుపు పక్కనే కూర్చున్నాను. పొద్దున నేను కాదన్న మజ్జిగ రత్నమ్మగారు మళ్లీ అందిస్తే ఇప్పుడు తాగాను. మంట ఉంది, కాస్త తగ్గింది. పందెం ప్రకారం ఓడినట్టే: బస్సు ఆపించాను, జబ్బు పేరు అందరూ విన్నారు. కానీ ఆ కిటికీలు గుర్తొస్తే పరువు పోయిందని అనలేకపోయాను.

వంతెన మీదుండగా మా ఆవిడకి ఫోన్ చేశాను. సోమవారానికి బ్లీచింగ్ పౌడరు తెప్పించి ఉంచమన్నాను.