మగ్గం గుంట నేర్పిన పాఠం

1946లో సిద్దిపేటలో ఒక హకీం సాబు దగ్గర నడుము నొప్పులకు మాలిష్ చేయడం నేర్చుకుంటున్నాను. ఒకరోజు నేత పనిచేసే నర్సయ్య వస్తే, ఏమీ అడగకుండానే నడుము గట్టిగా నొక్కాను. ఆయన కేకపెట్టి లేచాడు.

"నా నొప్పి నీకేమెరుక పిలగా? మల్ల చెయ్యి పెట్టనియ్య!"

"నర్సయ్య మల్ల ఒప్పుకోకుంటే నువ్వు ఊరికి పోవుడే బేటా," అన్నారు హకీం సాబు.

మర్నాడు నర్సయ్య ఇంటికి వెళ్లి, ఆయన కూర్చునే మగ్గం గుంటలో నన్నూ ఒక పూట కూర్చోనిమ్మని బతిమాలాను. ఆయన చెప్పినట్టు వంగి నేశాను. లేవబోతే నడుము పట్టేసింది! నర్సయ్యా, ఆయన భార్యా చెరో చెయ్యి పట్టి పైకి లాగారు.

"ఏంది మాలిషాయనా, నీకు మేం రుద్దాల్నా?" అని ఆమె పకపకా నవ్వింది.

నర్సయ్య నవ్వలేదు. ఆముదం తెచ్చి నా నడుముకు రాస్తూ, "నాకు గూడ గీడనే పడ్తది," అన్నాడు. తర్వాత తానే బోర్లా పడుకుని, "ఇగ పట్టు," అన్నాడు.

అప్పటినుంచి ఎవరి నడుము పట్టాలన్నా ముందు వారు పనిచేసే జాగా చూసి వచ్చేవాణ్ణి. ఆ రాత్రి ఇదంతా రాసుకున్న డైరీ పేజీ మీద నా వేళ్ల ఆముదం మరక ఇంకా ఉంది.