చాచీ ముందుగా నేర్పిన వాక్యం

చాచీ పోయిందని శుక్రవారం ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. మిషన్ మీద జాకెట్టు కుడుతూ పక్కకి ఒరిగిపోయిందట. అంతే, మళ్ళీ లేవలేదు.

అనకాపల్లిలో ఆ వీధంతా ఆమెను చాచీ అనే పిలిచేది. బతుకుతెరువుకు బట్టలు కుట్టేది. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు అరబ్బీ నేర్పేది. తాను మాత్రం విశాఖపట్నం దాటి ఎరగదు. సెలవుకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కో మాటా అడిగి నేర్చుకుంది. మిగతాది సెల్‌ఫోన్ వీడియోలు చూసి.

నేర్చుకోవడానికి మునగపాక నుంచి ఆమె దగ్గరికి వెళ్ళిన మొదటి రోజే అడిగేశాను.

"నువ్వు ఆ దేశమే సూళ్ళేదు కదా చాచీ, నాకేటి నేర్పుతావు?"

"పక్కింటామె అక్కడ తొమ్మిదేళ్ళుంది. తే, పో, తుడు... అయ్యే వచ్చు ఆవిడికి. తిట్టేవోళ్ళ దగ్గర తిట్లే వత్తాయే. మాటలు ఇక్కడ నేర్సుకుని ఎల్లు."

నీళ్ళు, అన్నం కంటే ముందు ఆమె నేర్పిన వాక్యం ఇది: నన్ను కొట్టకండి, పోలీసులకు ఫోన్ చేస్తాను. కొలతకర్ర ఎత్తి మీదికొచ్చేది. చెయ్యి అడ్డం పెడితే నిజంగానే కొట్టేది. "సెయ్యి కాదే, మాట అడ్డెట్టు!" మోచేతులు వాచిపోయేవి. లోలోపల ఆమెను తిట్టుకునేదాన్ని.

ఈ సంగతి గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఒక ఏజెంటు చెవిన పడింది. ఇద్దర్ని వెంటేసుకొచ్చి, "పనికెల్లేవోళ్ళకి పోలీసుల మాటలు నేర్పుతావా?" అంటూ కుట్టుమిషన్ రోడ్డు మీదకి విసిరేశాడు. అడ్డం వెళ్ళిన చాచీని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. వాళ్ళు వెళ్ళాక నుదుటి రక్తాన్ని కొంగుతో అదిమిపట్టి ఆమె, నేర్చుకోవడానికి వచ్చిన మావైపు తిరిగింది.

"ఏటలా సూత్తన్నారు? మొదట్నించీ అనండి."

నేను గల్ఫ్‌కు వెళ్ళిన ఏడో నెలలో, ఇస్త్రీ చేస్తుంటే పనిచేసే ఇంటి మేడమ్ బట్ట కాలింది. నన్ను కింద పడేసి ఇస్త్రీపెట్టెను వీపుకు అదిమింది. చర్మం కాలిన వాసన ముందు తెలిసింది, నొప్పి తర్వాత. తెలుగులో కేకలు పెట్టాను. ఎవరికి అర్థమవుతాయి? పెట్టెతో మూతి మీద కొట్టేసరికి రెండు పళ్ళు ఊడిపోయాయి. నోటినిండా రక్తంతోనే ఆ వాక్యం అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. కిటికీ దాకా పాకి అదే వాక్యం మళ్ళీ మళ్ళీ అరిచాను. ఎదురింటి ముసలామె విని వట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చి, తెరిచేదాకా తలుపు బాదుతూనే ఉంది. పోలీసులను పిలిచిందీ ఆమే.

ఊరు చేరగానే చాచీ దగ్గరికి వెళ్ళాను. నోరు తెరిపించి చూసింది. వీపు చూసింది.

"నేను సెప్పిందే అన్నావా?"

"అదే చాచీ."

"ఎలాగన్నావో అను."

అన్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆ వాక్యంలో గొంతు అడుగు నుంచి రావాల్సిన ఒక అక్షరం ఉంది. అది ఆమెకు ఎన్నడూ పలకలేదు. నాకు అక్కడ ఉండగా పట్టుబడింది. భాష రావాలంటే అక్కడికి వెళ్ళి తీరాలా అని ఇప్పుడెవరైనా అడిగితే, ఆ ఒక్క అక్షరానికైతే అవుననే అంటాను. నా ప్రాణం నిలబెట్టిన మిగతా అక్షరాలన్నీ అనకాపల్లివే.

"నాకూ నేర్పు," అంది చాచీ.

నా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, రెండు పళ్ళు లేని నా నోటినే చూస్తూ ఆ అక్షరం పలకబోయింది. దగ్గొచ్చింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నోరు తెరిచింది.