రుమాలు మడిచేలోపల

మాధవరంలో బస్సు ఎంతకీ కదలడం లేదు. ముందున్న కడ్డీ మీద వేళ్లతో టకటక కొడుతూ, క్లాసులో పిల్లలతో ఆడించడానికి నేనే తయారుచేసిన లెక్కల ఆటను ఫోనులో సరిచూసుకుంటున్నాను. పక్కనున్న ఆవిడ తొంగి చూస్తుంటే ఆడమని ఇచ్చాను. అంబత్తూరులో బట్టలు కుట్టే కంపెనీలో పనట.

తెర మీద ప్రశ్న వచ్చింది: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? పది సెకన్లలో చెప్పాలి.

ఆవిడ చేతిరుమాలు తీసి మూడు భాగాలుగా మడిచింది. విప్పి నాలుగుగా మడుస్తుండగానే ఫోను కుయ్యిమంది, తెర ఎర్రబడింది.

"ఉండమ్మా! ఈడ మడిచి చూసేలోపలే తప్పంటే ఎట్టా?" అంది. మడత పూర్తిచేసి, "మూడో వంతే పెద్దది" అని రుమాలు దాచుకుంది.

ఇప్పుడు నా ఆటలో గడియారం లేదు. పిల్లలు కాగితాలు మడుచుకుంటూ నిదానంగా ఆడతారు. ఆగలేక బల్ల మీద వేళ్లతో కొట్టేది నేనే.