మీసం మింగిన బజ్జీలు

మా ఆయన మీసం పోయిన కథ ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు కాదండీ, అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక మా కోడలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. చెయ్యి తిరగ్గానే ముందు ఈ ఘోరమే రాస్తున్నాను. గుండె దిటవు చేసుకోండి.

చిలకలూరిపేట పక్కన మా ఊళ్లో పత్తితీతలు అయ్యాక క్రికెట్ పోటీలు పెట్టేవారు. బజ్జీ లేని ఆట ఉప్పు లేని పప్పే. బంతి ఎటు పోయిందో చూడనివాళ్లు కూడా బజ్జీల పళ్లెం ఎటు పోతోందో చూస్తారు. బజ్జీల పొయ్యి నాది, జట్టు మా ఆయన మస్తాన్‌వలిది.

ఆ ఏడు ఆఖరి ఆట అద్దంకి వాళ్లతో. వాళ్ల కెప్టెన్ బాబూరావు నా బజ్జీ కొరికి, "ఏం వదినా, మీ మిర్చి కారం ఇంతేనా? మా ఊళ్లో చంటిపిల్లలకి ఇవే పెడతారు" అన్నాడు.

మా ఆయన మీసం దువ్వాడు. "ఆట చూసి మాట్లాడరా! ఓడిపోతే ఈ మీసం తీసేసి రేపు పొద్దున్నే మీ బస్టాండులో నిలబడతా!"

అది అల్లాటప్పా మీసం కాదు. పెళ్లిచూపుల్లో నేను ఒప్పుకున్నది దాన్నే, ఆయన దాని వెనకాల వచ్చాడు.

దాన్ని కాపాడాలని నడుం కట్టాను. పక్క చేలో నోరు మండించే తేజ రకం పచ్చిమిరపకాయలు కోసి, గింజలతో సహా నూరి, వాము కలిపి, లావుపాటి బజ్జీ మిరపకాయల కడుపులో కూరాను.

"ఎవరికక్కా ఇవి?" అంది మా తోటికోడలు కాశింబీ, తుమ్ముతూనే.

"షామియానా కింద కూర్చున్నవాళ్లకి. ఎండలో పరిగెత్తేవాళ్లకి ఒక్కటి కూడా ఇవ్వకు."

నాకు తెలిసిన మర్యాద అదే మరి. చుట్టాలు కూర్చుంటారు, ఇంటివాళ్లు అటూ ఇటూ పరిగెడతారు. పొద్దున్నుంచీ అలాగే జరిగింది. సగం ఆటకి చుట్టాలు ఎండలోకి పోయి, ఇంటివాళ్లు నీడకొచ్చి కూర్చుంటారని నాకేం తెలుసు? పొయ్యి పొగలోంచి తలెత్తితేగా!

కాసేపటికి "మజ్జిగ! మజ్జిగ!" అని కేకలు. మురిసిపోతూ చూశాను. మజ్జిగ కుండలో తల దూర్చింది మా ఆయన.

"ఏం పెట్టావే వాటిలో?"

"నువ్వెందుకు కూర్చున్నావయ్యా అక్కడ?"

"ఇప్పుడు బ్యాటింగ్ మాదే!"

"చుట్టంలాగా కూర్చుంటే నేనేమనుకోను?"

మావాళ్లలో ఒకడు బంతి వస్తుంటే బ్యాటుతో నోటికి గాలి విసురుకున్నాడు. కన్నీళ్లలో మా ఆయనకి ఒక బంతి మూడై కనబడితే నడిమిదాన్ని కొట్టాడు. అసలుది పక్కనుంచి పోయి వికెట్లు కూల్చింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నా గోతిలో జట్టు మొత్తం పడింది, మీసంతో సహా.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి ఆయనతో అద్దంకి వెళ్లాను. నున్నటి మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆయన బస్టాండులో నిలబడితే, పక్కనే నేనూ నిలబడ్డాను. బాబూరావు వచ్చాడు.

"నిజం చెప్పు వదినా, ఆ బజ్జీలు మాకేగా?"

తలొంచుకున్నాను. అతను అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర గుసగుసలాడాడు. "ఇంకా ఉన్నాయా? వచ్చే ఆదివారం చీరాల వాళ్లతో మాకు ఆట ఉంది."

ఆ బస్టాండులోనే, పోయిన మీసం సాక్షిగా ఒట్టేశాను: ఇక ఈ జన్మలో తినేవాడి ముఖం చూడకుండా బజ్జీ పెట్టను.