పూలమ్మ కడుపు ఫోటో

సుల్తాన్ బీకి అక్షరం ముక్క రాదు. గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుల ఇళ్ల చివరన ఉన్న చిన్న దవాఖానలో ఆయా. అంతకుముందు ఇరవై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి కాన్పులు చేసిన మంత్రసాని.

1973 ఎండాకాలంలో బావిలో పనిచేసే రాయమల్లు తన భార్య పూలమ్మను అక్కడికి తీసుకొచ్చాడు. ఎనిమిదో నెల. చెప్పులు పట్టనంతగా కాళ్లు వాచాయి. డాక్టరు పొట్టమీద గొట్టం పెట్టి విన్నాడు.

"ఒకటే గుండె. ఉమ్మనీరు ఎక్కువగా ఉంది, అంతే."

సుల్తాన్ బీ ఊరుకోలేదు. తానూ తడిమి చూసింది.

"రెండు తలలున్నయి సాబ్. ఒకటి మీద, ఒకటి డొక్కల పక్కకు. ఫోటో తియ్యుండ్రి."

"ఆ ఎక్స్‌రే మిషను బావిలో దిగేవాళ్ల ఊపిరితిత్తుల కోసం. ఆ కిరణాలు కడుపులో బిడ్డకు మంచివి కావు. నీ చెయ్యి చెప్పిందని తీయమంటావా?"

"ఈమె మొదటి కాన్పు చేసింది నేనే. బిడ్డ అడ్డం తిరిగిందని నా చేతికి తెలిసేసరికి పానం పోయింది. మల్లొక్కసారి గట్ల కానియ్య!"

"వెళ్లి పని చూసుకో."

ఆమె వెళ్లి ఎక్స్‌రే గది గడపలో కూర్చుంది. ఛాతీ ఫోటోలకు వచ్చిన కార్మికులు జరగమన్నారు. సంగతి చెప్పింది. వాళ్లలో పెద్దవాడు గట్టయ్య, అప్పుడే అటు వచ్చిన డాక్టరు వైపు తిరిగాడు.

"మాయి రేపు తియ్యుండ్రి. ముందుగాల ఈ పూలమ్మది కానియ్యుండ్రి."

ఒక్కరూ లోపలికి అడుగుపెట్టలేదు. డాక్టరు ముఖం ఎర్రబడింది.

"కడుపులో ఒక్కరే ఉంటే నీ ఉద్యోగం పోతుంది, సుల్తాన్ బీ."

"పోనియ్యుండ్రి."

ఫోటో తీసే అస్గర్ తడి ఆరని ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాడు. రెండు వెన్నెముకలు! ఒక బిడ్డ తల పైకుంది. కిందున్న బిడ్డ అడ్డంగా పడుకుంది. డాక్టరు ఫిల్మును తన చేతిలోకి తీసుకుని చూశాడు. వరంగల్ పెద్ద దవాఖానకు చీటీ రాసి, తన జీపునే పిలిపించాడు. సుల్తాన్ బీ పూలమ్మ తలను ఒడిలో పెట్టుకుని వెంట వెళ్లింది.

ఆ వారంలోనే ఆపరేషన్ చేశారు. ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నది పిడికెడంత ఉన్నా గట్టిగా ఏడ్చింది. పూలమ్మకు రక్తం ఎక్కించాల్సి వచ్చింది గానీ బతికి బయటపడింది.

సుల్తాన్ బీ తిరిగొచ్చాక డాక్టరు ఆమెను పిలిచాడు.

"ఇకనుంచి నీ చెయ్యి చెబితే చాలు, సుల్తాన్ బీ."

"చాలదు సాబ్. నా చెయ్యి తప్పుతది, మీ గొట్టం గూడ తప్పుతది. అనుమానమున్నకాడ ఫోటో తియ్యాల్సిందే."

తర్వాత వచ్చిన ఇద్దరు డాక్టర్లతోనూ ఆమె ఇలాగే పోట్లాడింది.